కొండకు అడ్డం పడ్డ తోడికోడళ్లు

పొక్లెయిన్ కొండెక్కి పెద్దల రాళ్లను పెకిలించిన రోజు గురించి ఆ ఊళ్లో ఎవరినడిగినా చిన్నకోడలి మాటే ఎత్తుతారు. ఆ అన్యాయాన్ని అందరికంటే ముందు కళ్లారా చూసింది మాత్రం పెద్దకోడలు. ఈ కథ ఆవిడది.

పెద్దకోడలు కంపెనీ క్యాంపులో వంటమనిషి. కొండ అడుగున రేకుల షెడ్లు వేసుకుని, లోపల ఎంత ఖనిజం ఉందో తేల్చడానికి బోర్లు దింపుతున్న మనుషులకు రెండు పూటలా వండి పెట్టడం ఆవిడ పని. ఆ రోజు పైన పనిలో ఉన్నవాళ్ల కోసం క్యారేజీలు మోసుకుని కొండెక్కుతోంది. ఊట దగ్గరికి రాగానే అలవాటుకొద్దీ చెప్పులు విడిచింది. ఆ ఊళ్లో పుట్టినవాళ్లెవరూ ఊట దాటాక చెప్పులతో నడవరు. పైన కొండ నడుం మీద కొంత మేర చదునుగా ఉంటుంది. ఊళ్లో చనిపోయిన ప్రతి మనిషికీ అక్కడ ఒక రాయి నిలబెట్టి ఉంటుంది. అక్కడ చెట్టు మీద గొడ్డలి పడదు, మేకలు మేయవు, మనుషులు గొంతెత్తి మాట్లాడరు. పడ్డ వాన పడ్డట్టు ఆ చదునులోనే ఇంకి, కింద ఊటగా పుట్టి, పొలాల్లోకి దిగుతుంది. ఆ కొండను దేవుడనేవాళ్లున్నారు, తల్లి అనేవాళ్లున్నారు, రాయే కదా అనేవాళ్లూ ఒకరిద్దరున్నారు. దాని నీళ్లు తాగనివాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఆవిడ పైకి చేరేసరికి పొక్లెయిన్ ఆ రాళ్లను పళ్లు పీకినట్టు పీకుతోంది. పీకిన ఒక రాయి దొర్లుకుంటూ ఆవిడ కాళ్ల పక్కనుంచి కిందికి పోయింది. డ్రైవరు ఆవిణ్ణి చూసి యంత్రం ఆపాడు. అన్నం తెచ్చావా అని అడిగాడు. పెద్దకోడలు క్యారేజీలు అక్కడే దించేసి వట్టి కాళ్లతో కిందికి పరుగెత్తింది.

పరుగెత్తి వచ్చి మొట్టమొదట చెప్పింది పిండిమర దగ్గర. ఆవిడకు కలిసిరానిది అదే. పిండిమరలో పనిచేసేది స్వయానా తోడికోడలు. పెద్దకోడలు రొప్పుతూ మాట పూర్తిచేసేలోపే చిన్నకోడలు మర ఆపేసింది. పిండి కోసం వచ్చి నిలబడ్డ ఆడవాళ్లందర్నీ వెంటేసుకుని కొండెక్కేసింది. వెళ్లి యంత్రం ముందు అడ్డంగా పడుకుంది. తలనుంచి పాదాల దాకా పిండి కొట్టుకుపోయి తెల్లగా ఉన్న మనిషి అలా నేల మీద పడుకునేసరికి డ్రైవరు దయ్యాన్ని చూసినట్టు దిగి దూరం జరిగాడు. మిగతా ఆడవాళ్లు చుట్టూ కూర్చున్నారు. సాయంత్రానికి ఊరంతా పైనే ఉంది. పొక్లెయిన్ వచ్చిన దారినే వెనక్కి పోయింది.

పెద్దకోడలు కూడా మళ్లీ ఎక్కింది. కాని ఒకసారి ఎక్కి, దిగి, పరుగెత్తిన మనిషి. ఊట దగ్గర కూలబడి, ఊపిరి తీసుకుని, అందరికంటే వెనక చేరింది. ముందువాళ్ల భుజాల సందుల్లోంచి చూసింది.

మర్నాడు మంగలి తన షాపులో కథంతా చెప్తున్నాడు. ఊళ్లో వార్తలన్నీ అతని కత్తెర కిందనుంచే బయటికొస్తాయని అతన్ని రేడియో అంటారు. పెద్దకోడలు గుమ్మం దగ్గర ఆగి వింది. కథ పిండిమర ఆగడంతో మొదలైంది. అంతకుముందు ఏమీ జరగనట్టే ఉంది. రేడియో ఆవిణ్ణి చూసి, నువ్వు కూడా వచ్చావా పైకి అని అడిగాడు.

ఆ మాట ఆవిడ కడుపులో నిప్పురవ్వలా పడింది.

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. ఈ తోడికోడలు నవ్వను కూడా నవ్వలేదు. అక్కా అక్కా అంటూ ఎప్పటిలాగే వెంట తిరిగింది. పెద్దకోడలికి అది ఇంకా మంట. నవ్వితే కనీసం తిట్టడానికి వీలుండేది.

ఆ ఇద్దరూ ఒకే ఇంట్లో, చెరో పక్క గదుల్లో కాపురం ఉంటారు. నడిమి గదిలో మంచం మీద ముసలి అత్త. పెద్దది వండుతుంది, చిన్నది మాట్లాడుతుంది అనేది అత్త, వచ్చినవాళ్లందరితో. ఏది గొప్పో చెప్పేది కాదు. ఇన్నేళ్లుగా పెద్దకోడలు ఆ మాటను అటూ ఇటూ తిప్పి తూచుకుంటూనే ఉంది. ఇప్పుడు ఇంటికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. కాలేజీ పిల్లలు వచ్చారు. ఎక్కడో ఇలాంటి కొండ పోగొట్టుకున్న ఊరివాళ్లు, ఇంత దూరం బస్సెక్కి వచ్చారు. అందరూ చిన్నకోడలి కోసమే. టీ పెట్టింది పెద్దకోడలు. ఒక కుర్రాడు గ్లాసు అందుకుంటూ, మీరు వాళ్లింట్లో పనిచేస్తారా అని అడిగాడు.

పేపర్లో ఫొటో కూడా పడింది. మధ్యలో చిన్నకోడలు, చుట్టూ జనం, ఒక మూల ఎవరిదో మోచెయ్యి. అది తనదేనని పెద్దకోడలు భర్తకు చూపించింది. ఆయన లారీ డ్రైవరు, మాటలు తక్కువ మనిషి. కాసేపు పేపరు అటూ ఇటూ తిప్పి చూసి, మోచేతులన్నీ ఒకేలా ఉంటాయే అన్నాడు.

ఇదంతా చదివి ఆవిణ్ణి చెడ్డదనుకోకండి. పని చేసే చేతులకూ పేరొచ్చే మొహాలకూ మధ్య ఉన్న దూరం కూలిపని చేసి బతికేవాళ్లందరికీ తెలిసిందే. ఆ దూరాన్ని సృష్టించినవాడు పైన హాయిగా కూర్చుని ఉంటాడు. మనకు కనిపించేది మాత్రం పక్కనున్న మనిషి. ఆ మనిషి మీదే మండుతుంది.

గనిని ఆపడానికి ఊరు వేసుకున్న కొండ కమిటీ మీటింగులు టైలరు షాపులో జరిగేవి. టైలరు ఒకప్పుడు మిల్లులో సంఘం నడిపి, పని పోగొట్టుకుని, ఊరొచ్చి మిషను పెట్టుకున్నవాడు. మీటింగంటే చాలు, గుడ్డ ముక్కల మధ్య మనుషులు ఒకళ్ల మీద ఒకళ్లు కూర్చునేవాళ్లు. ఆ రోజు వాదన పెద్దదైంది. కంపెనీ దగ్గర ఊరివాళ్లెవరూ పనికి పోకూడదని చిన్నకోడలు ప్రతిపాదించింది. కూలీలు గొడవపడ్డారు. పొలం ఉన్నవాళ్లు నీతులు చెప్తారు, మాకు సాయంత్రం పొయ్యి వెలగాలంటే పొద్దున ఎవడో ఒకడు పనివ్వాలి కదా అన్నారు. నీళ్లు పోయాక పొలం ఉన్నవాడూ మీ పక్కనే నిలబడి కూలి అడుగుతాడు, అప్పుడు ఇద్దరికీ సగం కూలే, లెక్క వాళ్లు ముందే వేసుకున్నారు అన్నాడు టైలరు. మాటా మాటా పెరిగి, తగ్గి, చివరికి ఒప్పుకోలు కుదిరింది. పొలాలున్నవాళ్లు కూలీలకు తమ పనుల్లో చోటివ్వాలి, ధాన్యం కలిపి వండుకోవాలి, క్యాంపుకు ఎవరూ పోకూడదు.

అప్పుడు అందరూ పెద్దకోడలి వైపు చూశారు.

"క్యాంపులో పొయ్యి ఆరితే వాళ్లు నిలవలేరు," అంది చిన్నకోడలు. "అది నీ చేతిలో ఉందక్కా."

"నా పొయ్యి సంగతి నాకు తెలుసు. నువ్వు నీ మర చూసుకో."

వెనకనుంచి ఎవరో, కంపెనీ ఉప్పు తింటోంది కదా పాపం అన్నారు. పెద్దకోడలు లేచి బయటికొచ్చేసింది. దారంతా ఒకటే ఆలోచన. టైలరు అడిగుంటే అక్కడికక్కడే గరిటె పారేసేది. ఆ సంగతి ఆవిడకు బాగా తెలుసు. అడిగింది చిన్నకోడలు. దాని మాట మీద మానేస్తే ఆ మానేయడం కూడా దాని గొప్పే అవుతుంది. రేపు రేడియో ఆ కథ కూడా చెప్తాడు, అది మాన్పించిందట అని.

మిగతా వాళ్లంతా మానేశారు. పెద్దకోడలు ఒక్కతే క్యాంపుకు వెళ్లింది. వీధిలో మాటలు ఆగిపోయేవి ఆవిడ నడుస్తుంటే.

కంపెనీ మేనేజరు మనుషుల్ని చదవడం నేర్చినవాడు. అన్నాళ్లూ ఏయ్ వంటామె అని పిలిచినవాడు, ఒకరోజు ఆఫీసు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు.

"కూర్చోండమ్మా. ఊరికి మీరు పెద్దకోడలు. మీరు మాట్లాడాల్సిన చోట పిండిమర మనిషి మాట్లాడుతోంది. నాకే బాధగా ఉంది."

ఆ 'మీరు' ఆవిడ చెవిలో తేనెలా పడింది. సొంత ఊళ్లో ఎవరూ ఆవిణ్ణి అలా పిలవలేదు. మేనేజరు చెప్పింది ఇదీ: త్వరలో స్కూలు మైదానంలో సర్కారు సభ పెడుతుంది. గనికి ఊరు ఒప్పుకుంటుందా లేదా అని అధికారి వచ్చి అడుగుతాడు. ఆడవాళ్ల తరఫున ఒకరు మాట్లాడాలి. మైకు ముందుకు వచ్చి, మాకు బడి కావాలి, ఆసుపత్రి కావాలి, గని వస్తే అవన్నీ వస్తాయి అని రెండు ముక్కలు చెప్తే చాలు. ముందు వరసలో కుర్చీ వేస్తారు.

పెద్దకోడలు ఆలోచిస్తానంది. బయటికి వచ్చేటప్పటికే ఒప్పుకున్నట్టు ఆవిడ నడకలోనే తెలిసిపోతోంది.

ఊళ్లో గోడలకు చెవులున్నాయి. సాయంత్రం పెరట్లో కుళాయి దగ్గర చిన్నకోడలు ఎదురుపడి, నిజమేనా అని అడిగింది.

"నిజమే. మైకు నీ ఒక్కదానికేనా?"

"నా మీద కోపముంటే నన్ను కొట్టు అక్కా. కొండేం చేసింది?"

"కొండ గురించి నువ్వు నాకు చెప్తావా? నేను ఆ ఊట నీళ్లతో పెరిగాను. నువ్వు మెడలో తాళి పడ్డాక చూశావు ఆ కొండని."

చిన్నకోడలి మొహం మారిపోయింది. చేతిలో బిందె కింద పెట్టింది.

"అవును. అందుకే వచ్చినవాళ్లు ఏ రాయి ఎవరిదని అడిగితే నోరు మూసుకుంటాను. యంత్రం ముందు పడుకున్నానే గానీ ఎవరి రాయి పక్కన పడుకున్నానో నాకు తెలీదు. నీకు తెలుసు. అది గుర్తొచ్చినప్పుడల్లా నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది."

పెద్దకోడలు కుళాయి కట్టేయడం మర్చిపోయింది. నీళ్లు బిందె నిండి పొర్లుతున్నాయి. తనను చూసి కుళ్లుకునే మనిషి ఒకరు ఈ లోకంలో ఉన్నారని, ఆ మనిషి ఇదేనని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. లోపల ఎక్కడో చల్లగా తగిలింది. కాని అంతలోనే, అయినా ఫొటో పడింది దానిదే కదా అనుకుంది. బిందె ఎత్తుకుని లోపలికి పోయింది. మనసు మార్చుకోలేదు.

సభ రోజు వచ్చింది. స్కూలు మైదానంలో టెంటు వేశారు. ముందు వరసల నిండా కంపెనీ బస్సుల్లో దిగిన మనుషులు, ఊరికి ముక్కూ మొహం తెలియనివాళ్లు. ఊరివాళ్లు తాళ్లు కట్టిన అవతల, ఎండలో. తాళ్ల వెంట పోలీసులు. వేదిక మీద అధికారి, పక్కన మేనేజరు. పెద్దకోడలు ఉతికి మడతపెట్టిన మంచి బట్టలు కట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది. వీపు మీద ఊరి చూపులు పడతాయని నిటారుగా కూర్చుంది. చాలాసేపటికి గానీ ఎవరూ చూడ్డం లేదని అర్థం కాలేదు. అందరి కళ్లూ చిన్నకోడలి మీదే, ఎప్పుడు మాట్లాడుతుందా అని.

కంపెనీ తరఫువాళ్లు తీరిగ్గా మాట్లాడారు. గని వస్తే బంగారు భవిష్యత్తు అన్నారు. తర్వాత చిన్నకోడలి వంతు. ఊట పేరెత్తిందో లేదో మైకు మూగబోయింది. ఆమె ఆగలేదు, గొంతు చించుకుని మాట్లాడింది. సమయం అయిపోయిందన్నాడు అధికారి. ఆమె దిగనంది. ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టుకుని ఈడ్చారు. అడ్డం వెళ్లిన టైలర్ని లాఠీతో నెట్టారు. తాళ్ల అవతల జనం ఒక్కసారి లేచారు.

ఆ గోలలోనే అధికారి బల్ల కొట్టి, తర్వాతి వక్త వంటమ్మ గారు అని పిలిచాడు. పెద్దకోడలు లేచి మైకు ముందుకు వెళ్లింది. ఒక్క తల ఇటు తిరగలేదు. మైదానం చివర వ్యాను దగ్గర పెనుగులాడుతున్న మనిషినే చూస్తున్నారంతా. ఇక్కడ కూడా దాన్నే చూస్తారు అనుకుంది. అంతలో పక్కనుంచి అధికారి గొంతు వినిపించింది. గ్రామంలోని స్త్రీలు గనిని స్వాగతిస్తున్నారు, రాసుకోండి అని గుమాస్తాకు చెప్తున్నాడు.

ఆవిడ ఇంకా నోరే తెరవలేదు.

"ఆగండి," అంది పెద్దకోడలు. ఆ మాట స్పీకర్లన్నిట్లో మోగింది. "నేనింకా మాట్లాడలేదు. మాట్లాడకుండానే రాసుకునేదానికి నన్నెందుకు పిలిచారు?"

తలలు తిరిగాయి. ఒకటీ, రెండూ, తర్వాత అన్నీ.

"ముందు చూసింది నేను. అది తర్వాత వచ్చింది. ఈ ఊళ్లో ఎవరూ నన్నడగలేదు, కాబట్టి నేనే చెప్తున్నాను. మీ యంత్రం మొదట పీకింది మంత్రసాని రాయి. ఇక్కడున్న వాళ్లలో సగంమందికి బొడ్డు కోసిన మనిషి. దాని పక్కది బావి తవ్వుతూ పోయినవాడిది. నా కాళ్ల పక్కనుంచి దొర్లిపోయింది మా మామది. అవి పీకుతూ, అన్నం తెచ్చావా అని అడిగారు నన్ను. ఆ రోజు తెచ్చాను. ఆ తర్వాత కూడా తెచ్చాను, అది నా సిగ్గు. ఇంక తేను. ఎవరో చెప్తే మానడం లేదు, నేనే మానేస్తున్నాను. ఆడవాళ్లు ఒప్పుకున్నారని రాశారుగా, కొట్టేయండి."

మైకు కట్టేయమని మేనేజరు చేయి ఊపుతూనే ఉన్నాడు. మైకు కుర్రాడు అయోమయంగా చూశాడు. ఈవిడ కంపెనీ మనిషి, ఈవిడ మైకు జాగ్రత్తగా చూడమని వాళ్లే కదా పొద్దున చెప్పారు. అతనికి అర్థమయ్యేసరికి చెప్పాల్సింది అయిపోయింది.

తాళ్లు తెగిపోయాయి. జనం టెంటులోకి పొంగారు. బస్సుల్లో వచ్చినవాళ్లు బస్సుల వైపు పరుగెత్తారు. పోలీసులు చిన్నకోడల్నీ టైలర్నీ ఇంకొందరు ఆడవాళ్లనూ వ్యానులోకి తోస్తున్నారు. పెద్దకోడలు జనాన్ని తోసుకుంటూ వ్యాను తలుపు దగ్గరికి వెళ్లి మెట్టు మీద కాలు పెట్టింది. ఇన్‌స్పెక్టర్ ఆపాడు. ఈమె మా క్యాంపు మనిషే, ఎండకు తల తిరిగింది, ఇంటికి పంపించండని మేనేజరు ముందే చెప్పాడు.

"నువ్వు ఇంటికెళ్లమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"దాన్ని ఎక్కించుకుని నన్నెందుకు ఎక్కించుకోరు? నేను దానికంటే తక్కువ మాట్లాడానా?"

చుట్టూ ఉన్నవాళ్లు లాఠీల మధ్యలోనే గొల్లున నవ్వారు. రేడియో ముందుకొచ్చాడు. ఊళ్లో ఈ మాటలన్నీ మోసింది తానని, తనకు కూడా చోటివ్వాలని అడిగాడు. నవ్వు ఆగింది. కూలీలు వచ్చి నిలబడ్డారు. పొలాలవాళ్లు వచ్చి నిలబడ్డారు. మమ్మల్ని కూడా పట్టుకోండని ఊరంతా వ్యాను చుట్టూ మూగింది. ఎవరు ముందు ఎక్కాలని ఆడవాళ్లు వాదులాడుకున్నారు. చక్రం కదలడానికి జానెడు నేల లేదు. ఇన్‌స్పెక్టర్ రోడ్డు మీద ఆగి ఉన్న లారీల కోసం కబురు పెట్టాడు. లారీలు తోలేవాళ్లలో ముందున్నది పెద్దకోడలి మొగుడే. ఆయన తాళం చెవి తీసి జేబులో వేసుకుని, లారీ నీడలో చతికిలబడ్డాడు. మిగతా డ్రైవర్లు వచ్చి పక్కన కూర్చున్నారు. చివరికి పోలీసులు వెనక, జనం ముందు, స్టేషన్‌కు అందరూ నడిచే వెళ్లారు. సభ వాయిదా పడిందని అధికారి కారెక్కుతూ చెప్పాడు.

స్టేషన్ కిక్కిరిసిపోయింది. ఆడవాళ్లను ఒక గదిలో కుక్కారు. చిన్నకోడలు ఒక మూల గోడకు ఆనుకుని కూర్చుంది. నుదురు కమిలి ఉబ్బింది. పెద్దకోడలు కొంగు చింపి, కుండలో నీళ్లతో తడిపి, ఆ దెబ్బ మీద పెట్టింది. అవసరమైనదానికంటే కొంచెం గట్టిగానే నొక్కింది.

"నీ మైకు కట్టేయలేదు," అంది చిన్నకోడలు.

"కట్టేయలేదు."

"మొత్తం మాట్లాడావు. నేను ఇన్నాళ్లూ కూడబెట్టుకున్నదంతా గొంతులోనే ఉంది."

ఆ గొంతులో ఉన్నదేమిటో పెద్దకోడలు పోల్చుకుంది. ఆ కుళ్లు తనకు తెలియదా. గుడ్డ మళ్లీ తడిపి, ఈసారి మెల్లగా పెట్టింది. బయట జనం నినాదాలిస్తున్నారు. ఇద్దరూ చెవులు రిక్కించారు. ఎవరి పేరు పిలుస్తున్నారా అని ఇద్దరికీ ఉంది. కొండ మాది, ఊట మాది అని తప్ప ఎవరి పేరూ వినపడలేదు. కాసేపటికి వీళ్లు కూడా లోపలినుంచి అందుకున్నారు.

పొద్దున్నే రేడియో కిటికీ దగ్గరికి వచ్చాడు. మగవాళ్లను రాత్రే వదిలేశారు. మాటలు తెలిసిన ఆడవాళ్లంతా లోపలున్నారు కదా అని, తెల్లవారుతూనే కంపెనీ రెండు యంత్రాల్ని కొండ మీదికి పంపిందని చెప్పాడు. ఆడవాళ్లంతా కిటికీ దగ్గరికి తోసుకొచ్చారు. ఆగిపోయాయి అన్నాడు రేడియో. ఎవరాపారని అడిగితే, వెంటనే చెప్పలేదు. మంచి వార్తను నోట్లో నానబెట్టడం అతనికి అలవాటు.

ఆపింది అత్త. పొద్దు పొడవకముందే వీధిలోవాళ్లను కేకేసి, మంచంతో సహా మోసుకుపొమ్మందట. ఊట దాకా మోశారు. అక్కడ దింపేయమని, కర్ర పట్టుకుని, ఇద్దరి భుజాల ఊతంతో మిగతాది నడిచే ఎక్కిందట. ఇప్పుడు యంత్రాల ముందు కూర్చుని ఉంది. వెనకాల పక్క ఊళ్ల జనం కూడా చేరుతున్నారు. కాలేజీ పిల్లలు చుట్టూ కూర్చుని, ఆవిడ చెప్పేది వింటున్నారు. ఆవిడ గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలియదట.

తోడికోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నిన్నటిదాకా మంచినీళ్ల చెంబు కూడా మనమే అందించాలంది," అంది చిన్నకోడలు.

"ఇంత పనికి మనిద్దరం లేనిరోజే చూసుకుంది," అంది పెద్దకోడలు.

ఇన్‌స్పెక్టర్ కాగితాలు పట్టుకొచ్చాడు. మళ్లీ కొండ మీద అడుగు పెట్టబోమని సంతకం చేస్తే అందర్నీ ఇప్పుడే వదిలేస్తానన్నాడు. లేకపోతే కేసులు, కోర్టు, జైలు. గదిలో ఒక్కరూ కదల్లేదు. అతను, ఈమె క్యాంపు మనిషని మేనేజరు చెప్పింది గుర్తుపెట్టుకుని, కాగితం ముందు పెద్దకోడలికే చాపాడు. ఆవిడ చేతులు వెనక్కి పెట్టుకుంది. చిన్నకోడలు వచ్చి పక్కన నిలబడి, తనవి కూడా వెనక్కి పెట్టుకుంది.

"అత్త కొండ మీదుంది," అంది పెద్దకోడలు. "కోడళ్లు ఇంట్లో కూర్చుంటే ఊరేమంటుంది?"